సర్వే నంబరు 87లో ఖాళీ లేదు

నల్లబండ మున్సిపాలిటీలో ఏ పనికైనా ముందు రాయి వస్తుంది. తర్వాత తీర్మానం వస్తుంది. ఆ తర్వాత పని కూడా వస్తుందని పెద్దమనుషులు చెప్తారు గానీ, దాన్ని కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో తక్కువే. పంచాయతీగా ఉన్నన్నాళ్లూ ఈ ఊరికి రోడ్లు లేవు, మోరీలు లేవు, నల్లా నీళ్లు లేవు. మున్సిపాలిటీ అయిన ఈ ఐదేళ్లలోనూ అవేవీ లేవు. కాకపోతే ఇప్పుడు ప్రతిదానికీ శంకుస్థాపన జరిగింది.

ఆ శిలాఫలకాలన్నీ చెక్కేది దేవదానం. బొల్లారం పోయే కంపెనీ బస్సులు మలుపు తిరిగే చోట అతని రేకుల షెడ్డు ఉంది. అరవై రెండేళ్ల మనిషి, నలభై ఏళ్లుగా అదే పని. అతని దగ్గరికి రెండు రకాల గిరాకీ వస్తుంది. ఒకటి బతికున్న లీడర్లు, రెండోది చనిపోయిన క్రైస్తవులు. ఇద్దర్లో చనిపోయినవాళ్లే నయమని అతని అనుభవం. ఒక్కసారి పేరు చెక్కితే మళ్లీ వచ్చి పంచాయితీ పెట్టరు.

లీడర్లతో అట్లా కాదు. వాళ్లకు ప్రోటోకాల్ అని ఒకటుంది. రాయి మీద ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి, ఎవరి అక్షరం ఎంత లావుండాలి అనే శాస్త్రం అది. చైర్‌పర్సన్ వెంకటలక్ష్మికి, వైస్ చైర్మన్ మల్లయ్య పటేలుకు ఆ శాస్త్రంలో తప్ప ఇంకెందులోనూ ప్రవేశం లేదు. ఇద్దరిదీ ఒకే పార్టీ కాబట్టి అస్సలు పడదు. మల్లయ్య పేరు బొటనవేలంత కిందికి దిగిందని ఒక రాయి వద్దన్నారు. రెండు రాళ్ల మీద ఆయన పేరే లేదని వద్దన్నారు. ఇంకోదాని మీద మేడం పేరు పక్కన కమలంపువ్వో చెయ్యో కారో కాదు గదా, ఉత్త ముగ్గుపువ్వు చెక్కినా అందులో రాజకీయం ఉందని వద్దన్నారు. వద్దన్న రాయిని ఎవరూ తీసుకుపోరు. అవి షెడ్డు వెనక గోడకు ఆనించి వరసగా పోగుపడ్డాయి.

మంచి గ్రానైటు. పారేయడానికి దేవదానానికి మనసొప్పలేదు. అదే సమయంలో చర్చివాళ్లలో ఎవరో ఒకరు చనిపోతూనే ఉంటారు. కంపెనీల్లో ఊడ్చేవాళ్లు, డ్రమ్ములు మోసేవాళ్లు, షేర్ ఆటోలు నడిపేవాళ్లు. తలాపున మట్టికుప్ప మీద రెండు కట్టెలు కట్టి శిలువ పెట్టడం తప్ప వాళ్లకు రాయి ఎక్కడిది? దేవదానం వద్దన్న రాయిని తిరగేసి, నున్నగా ఉన్న వైపు మనిషి పేరు, పుట్టిన రోజు, ప్రభువునందు నిద్రించిన రోజు చెక్కేవాడు. శంకుస్థాపన ఉన్న వైపు సిమెంటు పూసి, దాని మీద సున్నం కొట్టేవాడు. చర్చి తరఫున ఇస్తున్నానని చెప్పి ఉత్తపుణ్యానికే పాతి వచ్చేవాడు. ఐదేళ్లలో అట్లా ఇరవై ఆరు రాళ్లు సమాధుల తోటకు చేరాయి. వెనక ఏముందో ఎవరికీ చెప్పలేదు, భార్య లీలమ్మకు తప్ప.

"ఇది పాపమంటవా?" అని ఒకసారి అడిగాడు.

"ఏం పాపం? ముందల మనిషి పేరున్నది, ఎనుక అబద్ధమున్నది. అబద్ధానికి సున్నం పూసినవ్, మంచిగనే చేసినవ్" అంది లీలమ్మ.

లీలమ్మ బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఊడ్చేది. కంపెనీ బస్సు ఆమెను నాలుగింటికి దింపేది. నీళ్ల ట్యాంకరు మూడున్నరకే వచ్చేది. ఇరవై ఏళ్లు ఆమె బిందె లైన్లో ఆఖర్నే ఉంది. ట్యాంకరు అడుగున మిగిలిన తుప్పు నీళ్లే ఆమె వాటా. అట్లాంటి మనిషి ఒకరోజు షెడ్డు వెనక్కి పోయి, అప్పుడే వద్దనిపించుకుని వచ్చిన రాయి చదివింది. 'ఇంటింటికీ మంచినీటి పథకము, ప్రతి ఇంటికీ నల్లా' అని పెద్ద అక్షరాలతో ఉంది. మల్లయ్య పేరు ముందు 'గౌరవనీయులు' అనే మాట పడలేదని తిప్పిపంపారు.

"ఈ రాయి నాకు దాచిపెట్టు. నల్లా ఎట్లాగూ రాదు, రాయన్న నా దగ్గరుంటది" అని నవ్వింది.

దేవదానానికి కోపమొచ్చింది. అట్లాంటి మాటలు మాట్లాడొద్దని తిట్టాడు. ఆ ఏడు తిరక్కముందే లీలమ్మ ఆయాసంతో పోయింది. షెడ్డులో కొత్త రాళ్లు ఉన్నా, అతను ఆమె అడిగిన రాయే పెట్టాడు. మూడేళ్లయింది.

ఇక అసలు సంగతి. ఆ సోమవారం పొద్దున మున్సిపాలిటీ ఏఈ శ్రావణ్‌కుమార్ వాట్సాప్‌లో కొత్త రాయికి మాటలు పంపాడు. ఇంజనీరు పిల్లగాడు, చెడ్డవాడేం కాదు, చెవికి ఫోను అంటుకుని పుట్టాడు అంతే. దేవదానం ఏనాడూ ఆ మాటల్ని చదవడు, అక్షరం తర్వాత అక్షరం చెక్కుకుంటూ పోతాడు. ఆ రోజూ అట్లానే రాయి మీద అంటించి చెక్కడానికి స్టిక్కరులో అక్షరాలు కోసుకుంటూ పోతున్నాడు. 'సర్వే నంబరు 87లోని ఖాళీ స్థలమునందు చెత్త వేరుచేయు షెడ్డు నిర్మాణమునకు శంకుస్థాపన' అనే దగ్గర 87 కోసి, ఖాళీ కోసి, కత్తెర ఆపేశాడు. ఊరి చివర పద్దెనిమిది గుంటలు, సర్వే నంబరు 87. అది సమాధుల తోట. ఊరివాళ్లు బొందలగడ్డ అంటారు. లీలమ్మ ఉన్నది అక్కడే.

కత్తెర జేబులోనే పెట్టుకుని ఆఫీసుకు పోయాడు.

"సార్, అది ఖాళీ జాగ గాదు. బొందలగడ్డ" అన్నాడు.

శ్రావణ్‌కుమార్ కంప్యూటరులో వెతికాడు. "రికార్డుల ఖాళీ అనే ఉన్నది పెద్దాయనా."

"రికార్డు రాసినాయన వచ్చి సూసిండా?"

"పాత రికార్డు సూసి రాసిండు."

"పాత రికార్డు రాసినాయన?"

"అంతకంటే పాతది సూసి ఉంటడు." శ్రావణ్‌కుమార్ గొంతు తగ్గించాడు. "మీ చర్చి దగ్గర కాయితమేమన్న ఉందా? గురువారం కౌన్సిల్ మీటింగుల పాసైతది. సోమవారం జేసీబీ."

కాయితం ఉండేది. దొరల కాలం నాటి ఉత్తరం, చర్చి బీరువాలో. చెదలు దాన్ని సంతకాలతో సహా తిన్నాయి. దేవదానం ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాడు.

కూతురు జెస్సికా గడ్డపోతారంలో ఒక కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. సంగతి విని, "డాడీ, కోర్టుకు పోదాం" అంది.

"కోర్టు తెరిచేలోపు జేసీబీ వస్తది బిడ్డా. ముందు వాళ్లనే అడుగుత" అన్నాడు దేవదానం.

కౌన్సిల్ మీటింగులో బయటి మనిషిని కూర్చోనివ్వరు. ఒక్క దేవదానాన్ని తప్ప. ఎందుకంటే పేర్ల వరస అక్కడికక్కడ ఒప్పించుకోకపోతే రాయి మళ్లీ వెనక్కి వస్తుంది. గురువారం అతను నమూనా కాగితం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. చెత్త షెడ్డు రాయి మీద ఎవరి పేరు ముందు అనేదాని మీద నలభై నిమిషాలు వాదన జరిగింది. వెంకటలక్ష్మి నీళ్లు తాగింది, మల్లయ్య రెండుసార్లు లేచిపోయి రెండుసార్లు వచ్చి కూర్చున్నాడు. చెత్త మీద పేరు కోసం అంత కొట్లాట ఎక్కడా చూసి ఉండరు. ఆఖరికి ఇద్దరి పేర్లూ ఒకే వరసలో, ఒకే లావుతో అని తేలింది. ఇక జాగ సంగతి ఒక్క నిమిషంలో తేల్చబోతుంటే దేవదానం నోరు తెరిచాడు.

"మేడం, ఆ జాగల నలభై మూడు మంది ఉన్నరు."

హాలంతా అతని వైపు తిరిగింది. కౌన్సిల్లో రాళ్లు చెక్కేవాడు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎవరు, గుడిసెలేసుకున్నరా?" అని అడిగింది వెంకటలక్ష్మి.

"లేదమ్మా. చనిపోయినోళ్లు. మా ఇంటామె గూడ ఉన్నది."

మల్లయ్య మీసం దువ్వాడు. ఊళ్లో సగం వెంచర్లు ఒకప్పుడు ఆయన జొన్నచేలే. భూమి సంగతి తనకు ఎవరూ చెప్పనక్కర్లేదన్నది ఆయన లెక్క. "నలభై మూడు మందికి ఓట్లున్నయా దేవదానం?" అన్నాడు.

కౌన్సిలర్లు నవ్వారు. కమిషనర్ ఫైలు చూసుకుంటూ, "పదకొండు మందికి ఇంకా ఉన్నయి సార్, జాబితాల తీసెయ్యలే" అని నెమ్మదిగా చెప్పాడు. దానికీ నవ్వారు. రికార్డులో ఖాళీ అని ఉంది కాబట్టి ఖాళీయే అని తీర్మానం చేసి, చాయ్ తాగి లేచారు. నమూనా కాగితం మడిచి జేబులో పెట్టుకుని దేవదానం మెట్లు దిగాడు. తనకు ఏడుపు వచ్చినందుకు తనమీదే కోపమొచ్చింది.

ఆ తర్వాత రెండు రోజులు ఉలి ముట్టలేదు. శనివారం మధ్యాహ్నం సమాధుల తోటకు పోయి లీలమ్మ రాయి పక్కన కూర్చున్నాడు. సమాధుల్లో పాదాలు తూర్పుకు పెడతారు, ప్రభువు వచ్చినప్పుడు లేచి ఆయనకు ఎదురుగా నిలబడాలని. పేర్లు తూర్పు వైపు ఉంటాయి. రాళ్ల వీపులు పడమటి రోడ్డు వైపు ఉంటాయి. రోడ్డు మీద పోయేవాళ్లకు ఇరవై ఆరు తెల్లటి సున్నపు పలకలు తప్ప ఇంకేం కనిపించవు. దేవదానం ఆ సున్నం వైపే చాలాసేపు చూశాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారిని అడిగి అతను ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ మాట చెప్పడం కన్నా కొండ పగలగొట్టడం నయమనిపించింది.

"మీ ఇంటోళ్లకు నేను పెట్టిన రాళ్లు కొత్తయి గావు. మున్సిపాలిటీ వద్దన్న రాళ్లు. సున్నం కింద లీడర్ల పేర్లున్నయి. ఇన్నేండ్లు మీకు చెప్పలే. తప్పు నాదే" అన్నాడు.

వెనక వరసలోంచి ముత్యమ్మ లేచింది. భర్త పోయి నాలుగేళ్లయిన మనిషి, నోరు గట్టిది.

"మాకేం ఎరుక లేదనుకుంటివా దేవదానమన్నా? మొన్నటేడు వానలకు సున్నం పోతే నేనే మళ్ల పూసిన. మా ఆయన ఎనుక సీసీ రోడ్డున్నది. బతికున్నన్నాళ్లు బురదలనే నడిచిండు పాపం. ఇగ ఏం జేద్దామంటవో చెప్పు."

దేవదానం కళ్లు తుడుచుకుని, ఏం చేయాలో చెప్పాడు.

మధ్యాహ్నానికల్లా సమాధుల తోటలో గీకుడు మొదలైంది. ఎవరింటి రాయి వాళ్లు తీసుకున్నారు. గరిటెలు, ఇనుప బ్రష్షులు, బకెట్లతో నీళ్లు. సున్నం, దాని కింద సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి. జెస్సికా అమ్మ రాయి దగ్గర కూర్చుని గీకుతూ ఆగింది.

"డాడీ, ఇగ మున్సిపాలిటీ నీకు ఒక్క పని గూడ ఇయ్యదు."

"తెలుసు."

"షెడ్డు బంద్ చెయ్యాల్సొస్తది."

"మీ అమ్మ మీద చెత్త పోస్తుంటే షెడ్డు తెరిచి నేనేం చెక్కాలె బిడ్డా?" అన్నాడు దేవదానం. జెస్సికా మళ్లీ గీకడం మొదలుపెట్టింది. చీకటి పడకముందే అక్షరాల్లో తెల్లరంగు నింపడం కూడా అయిపోయింది.

సోమవారం తొమ్మిదింటికి జేసీబీ వచ్చింది. వెనక బైకు మీద శ్రావణ్‌కుమార్. జేసీబీ డ్రైవరు బీహార్ పిల్లగాడు, తెలుగు చదవడం రాదు. కానీ ఏ రాయి చూసినా అదే పేరు, అదే వంకర్లు, అదే కొమ్ములు అని మాత్రం గుర్తుపట్టాడు. ఇంజను ఆపి కిందికి దిగాడు.

"సాబ్, ఏక్ హీ ఆద్మీ ఇత్నీ బార్ మరా క్యా?" అని అడిగాడు. ఒక్క మనిషే ఇన్నిసార్లు చచ్చిపోయాడా అని అతని అనుమానం.

శ్రావణ్‌కుమార్ బైకు దిగి రాళ్ల వైపు చూశాడు. రోడ్డు పొడవునా సమాధుల తలాపున మున్సిపాలిటీ అభివృద్ధి అంతా వరసగా నిలబడి ఉంది. సీసీ రోడ్లు, మోరీలు, వీధి దీపాలు, ఓపెన్ జిమ్, కూరగాయల మార్కెట్. లీడర్ల పేర్లున్న రాయిని జేసీబీతో కూలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. జెస్సికా ఫోను పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉంది. చర్చివాళ్లంతా ఫోన్లు పట్టుకునే ఉన్నారు. అతను మేడంకు ఫోన్ చేశాడు.

వెంకటలక్ష్మి కారు దిగి పది అడుగులు వేసి ఆగిపోయింది. తన పేరు సమాధి తలాపున ఉంది. దాని పక్క సమాధికీ ఉంది. ఆ పక్కదానికీ ఉంది. చెయ్యి గుండెల మీదికి పోయింది.

"అమ్మో. నేను బతికే ఉన్న గద శ్రావణ్" అంది.

"ఉన్నరు మేడం" అన్నాడు శ్రావణ్‌కుమార్, అది కూడా రికార్డు చూసి చెప్పాలేమో అన్నంత భయంగా.

ఆ వెనకే మల్లయ్య బండి వచ్చి ఆగింది. ఆయన దిగగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ చివరిదాకా పోయి వచ్చాడు, మొహం ఎర్రబడింది. "రాళ్లు ఇరవై ఆరు. మేడం పేరు ఇరవై ఆరింటి మీదున్నది. నాది ఇరవై నాలుగేనా? ఏం దేవదానం, నేను మనిషిని గాదా?"

"పటేలా, ఇవి బొందలు" అన్నాడు దేవదానం.

మల్లయ్య అప్పుడు చూశాడు. ఒక అడుగు వెనక్కి వేసి, చెప్పులు విడిచాడు. ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు.

"ఎవరు జేసిండ్రు ఈ పని?" అంది వెంకటలక్ష్మి. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది.

"మీరు చెక్కమంటేనే చెక్కిన అమ్మా. వద్దంటిరి, ఉంచుకున్న. మీటింగుల ఇది ఖాళీ అన్నరు గద. ఎవరెవరున్నరో రాసి పెట్టిన" అన్నాడు దేవదానం.

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"తీస్తే రాయి పగులుతది. రాయి పగిలితే మీ పేరే పగులుతది మేడం. నాకు మనసొప్పుతలేదు."

వెంకటలక్ష్మి మొహం పాలిపోయింది. పాపం, ఆమె అంత చెడ్డదేం కాదు. ఇంట్లో అత్త ఉంది, వారం వారం జాతకం చూపిస్తుంది. బతికుండగానే పేరు ఇరవై ఆరు బొందల మీద పడిందని తెలిస్తే ఆ ముసలామె ఇల్లంతా శాంతి పూజలు పెట్టిస్తుంది. పైగా దారిన పోయే కంపెనీ బస్సులు నెమ్మదిస్తున్నాయి, కిటికీల్లోంచి తలలు బయటికొస్తున్నాయి. షిఫ్టు దిగినవాళ్లు పేర్లు గట్టిగా చదువుకుంటూ పోతున్నారు.

"అయితే మళ్ల సున్నం పూయి. జల్దీ" అంది.

"పూస్త మేడం. తీర్మానం కావాలె. ఇది సమాధుల తోట అని రికార్డుల రాయాలె. ఖాళీ అనే మాట కొట్టెయ్యాలె. కాయితం నా చేతికొస్తే బకెటు కలుపుత."

"కౌన్సిల్ నిన్ననే... మొన్ననే పాస్ చేసింది గద" అని గొణిగాడు మల్లయ్య.

"అయితే తొందరేం లేదు పటేలా. వచ్చే నెల మీటింగు దాక ఉండనీయిండ్రి. రంగు మంచిదే ఏసిన, పోదు."

నల్లబండ చరిత్రలో అత్యవసర సమావేశం అంత అత్యవసరంగా ఎప్పుడూ జరగలేదు. మధ్యాహ్నం రెండింటికి కోరం నిండింది. పేర్ల వరస మీద ఎవరూ నోరెత్తలేదు. సర్వే నంబరు 87 క్రైస్తవుల సమాధుల తోట అని, చుట్టూ గోడ కట్టాలని రాశారు. వెంకటలక్ష్మి సంతకం పెట్టి, కాగితం చేతిలోనే పట్టుకుని, "ఇంకేమన్న ఉందా?" అని అడిగింది. విసుగ్గానే అడిగింది.

దేవదానం తల వంచుకున్నాడు. అడగాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఒక్క నల్లా, మేడం" అన్నాడు.

సాయంత్రానికి ఇరవై ఐదు రాళ్లకు సిమెంటు, సున్నం పడ్డాయి. ఇరవై ఆరోది లీలమ్మది. దాని మీద పేర్లున్న సగానికే పూసి, అతను బకెటు కడిగేసుకున్నాడు.

గోడ ఇంకా రాలేదు. దాని సంగతి మళ్లీ చూడాలి. నల్లా మాత్రం పన్నెండో రోజునే వచ్చింది. మేడం ఎందుకో ఆ పని వెంటపడి చేయించింది. పక్క కాలనీ పైపులోంచి లాగి, తోట మధ్యలో, లీలమ్మ తలాపుకు నాలుగడుగుల దూరంలో ఇనుప గొట్టం పాతారు. శ్రావణ్‌కుమార్ వచ్చి చూసుకుని ఫోను తీశాడు.

"ప్రారంభోత్సవానికి చిన్న రాయి గావాలె పెద్దాయనా. పేర్లు వాట్సాప్ జేస్త."

"చెక్కి మూడేండ్లయింది సార్" అన్నాడు దేవదానం. అతన్ని చేయి పట్టుకుని లీలమ్మ రాయి వెనక్కి తీసుకుపోయాడు. కింద పేర్ల మీద సున్నం తెల్లగా మెరుస్తోంది. పైన 'ఇంటింటికీ మంచినీటి పథకము, ప్రతి ఇంటికీ నల్లా' అని ఉంది. శ్రావణ్‌కుమార్ చదివి, తలెత్తి గొట్టం వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. బైకు దగ్గరికి పోయాడు.

దేవదానం ఇంటి నుంచి తెచ్చిన సత్తుబిందె నల్లా కింద పెట్టాడు. లీలమ్మ బిందే. అంచున సొట్ట కూడా అట్లానే ఉంది. నల్లా తిప్పితే ముందు గాలి వచ్చింది, తర్వాత ఎర్రనీళ్లు వచ్చాయి, ఆ తర్వాత తెల్లటి నీళ్లు వచ్చాయి. బిందె నిండి పొర్లి, నీళ్లు మట్టిలోంచి పారుతూ సమాధి దాకా పోయాయి. అతనికి దుఃఖం ఆగలేదు. చుట్టూ ఎవరూ లేరు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"లీలా, నల్లా వచ్చింది" అన్నాడు. "ఇయ్యాల లైన్ల నువ్వే ముందున్నవ్."